నల్లమాడ ఓట్లు ఎటు పోయాయి?

ఎన్నికల నోటిఫికేషన్ వస్తే చాలు, జిల్లా పేజీలో నియోజకవర్గాల వరుస మొదలవుతుంది. ఇంతవరకు ఎవరు గెలిచారు, ఏ పార్టీ, ఏ సంవత్సరం, ఓటర్లు ఎందరు... పదిహేను లైన్లు, మూలకు ఒక ఫొటో. పాత కటింగు తీసి, కింద ఒక్క పేరు కలిపి పంపేసినా అడిగేవాడు లేడు. నాకు మాత్రం ఆ చిన్న పట్టిక కూర్చడం ఇప్పటికీ ఇష్టమైన పని. అందులోనూ ఇప్పుడు లేని సీట్ల పట్టికలంటే మరీను.

మా ఉమ్మడి అనంతపురం జిల్లాలో గుత్తి, గోరంట్ల, నల్లమాడ అలాంటివి. ఈ మూడింటికీ 2004 ఎన్నికే ఆఖరు. 2001 జనాభా లెక్కల ఆధారంగా 2008లో చేసిన పునర్విభజనలో అవి పోయి గుంతకల్లు, రాప్తాడు, పుట్టపర్తి వచ్చాయి. జిల్లాకు పద్నాలుగు సీట్లు అలాగే ఉన్నాయి కాబట్టి పెద్దగా గొడవ జరగలేదు. గుత్తి, పామిడి గుంతకల్లులో కలిశాయి. గోరంట్ల మండలం పెనుకొండకు పోయింది. నల్లమాడేమో పుట్టపర్తి కింద ఒక మండలమై కూర్చుంది. ప్రశాంతి నిలయం, పెద్దాసుపత్రి, విమానాశ్రయం, రైల్వేస్టేషన్ ఉన్న ఊరి ముందు నల్లమాడ పేరు నిలవడం కష్టమే.

పట్టిక మనల్ని తప్పుదోవ పట్టించేది ఇక్కడే. పుట్టపర్తి పట్టిక 2009లో పల్లె రఘునాథరెడ్డితో మొదలవుతుంది. అది మాత్రమే చూసినవాడు ఆయన రాజకీయం అక్కడే పుట్టిందనుకుంటాడు. ఆయన 1999లోనే నల్లమాడ నుంచి తెలుగుదేశం ఎమ్మెల్యే. 2004లో ఆ సీటు కాంగ్రెస్‌కు పోయింది, ఆ తర్వాత సీటే పోయింది. 2009, 2014లలో పుట్టపర్తిలో గెలిచారు, 2024లో ఆయన కోడలు సింధూర గెలిచారు. నల్లమాడ పట్టికను పైన అతికిస్తే తప్ప ఆ కథకు తల ఉండదు. ఆ మధ్య ఓబుళదేవరచెరువు వైపు బస్సులో ఒక పెద్దాయనను ఏ నియోజకవర్గమని అడిగితే, ‘మాది నల్లమాడ సామీ, ఇప్పుడు పుట్టపర్తి అంటాండారు’ అన్నాడు. పద్ధతిగా పట్టిక రాయాల్సింది ఆయనలాగే.

గీతలు జరిగితే జనం ఓట్లే కాదు, నాయకుల ఊళ్లూ మారతాయి. కళ్యాణదుర్గం ఎస్సీ రిజర్వుడు, మడకశిర జనరల్‌గా ఉండేవి. 2009కి అది అటూ ఇటూ అయింది. మడకశిరలో 1989, 1999, 2004లలో గెలిచిన రఘువీరారెడ్డి కళ్యాణదుర్గానికి వచ్చి అక్కడా గెలిచారు. పరిటాల రవి పెనుకొండ ఎమ్మెల్యే. 2005 జనవరిలో ఆయన హత్య తర్వాత జరిగిన ఉప ఎన్నికలో ఆయన భార్య సునీత గెలిచిందీ పెనుకొండలోనే. నాలుగేళ్లకు వాళ్ల రామగిరి మండలం రాప్తాడులోకి వెళ్లింది, ఆమె పోటీ కూడా దాని వెంటే వెళ్లింది. రాప్తాడు ‘కొత్త నియోజకవర్గం’ అని రాస్తుంటారు. అక్కడ ఓటేస్తున్నవాళ్లేం కొత్తవాళ్లు కాదు కదా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పుట్లూరు. ఇప్పుడది శింగనమల నియోజకవర్గంలో ఒక మండలం. ఒకప్పుడు అసెంబ్లీ సీటు. 1962లో అక్కడ గెలిచింది తరిమెల నాగిరెడ్డి. ఆయన్ను పట్టుకోవాలంటే పట్టికలు మార్చుకుంటూ పోవాల్సిందే. 1952లో మద్రాసు అసెంబ్లీకి అనంతపురం నుంచి, అదీ జైల్లో ఉండి, సొంత బావ నీలం సంజీవరెడ్డిని ఓడించాడు. 1957లో లోక్‌సభకు వెళ్లాడు. తర్వాత పుట్లూరు, 1967లో మళ్లీ అనంతపురం. 1969లో అసెంబ్లీయే వద్దని రాజీనామా చేశాడు. ఓడిన బావ 1955లో శ్రీకాళహస్తి నుంచి గెలిచి, మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయ్యాడు. ఇంట్లో ఆ ఎన్నికల రోజుల్లో మాటలెలా నడిచాయో ఏ పట్టికా చెప్పదు. నాకైతే అడగాలనిపించేది సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మగారిని. తోడబుట్టినవాడి జెండా ఒకటి, మొగుడి జెండా ఒకటి!

పాత వరుసల్లో ఇంకో తిరకాసుంది. ఆంధ్ర ప్రాంతానికి 1955లో అసెంబ్లీ ఎన్నికలు జరిగిపోయాయి కాబట్టి 1957లో ఇక్కడ లోక్‌సభకే ఓటు, అసెంబ్లీ ఓటు తెలంగాణలో. అది తెలియనివాడు మా పట్టిక చూసి ఒక వరుస ఎగిరిపోయిందనుకుంటాడు.

అందుకే నా కాగితంలో పేర్ల పక్కన మండలాలకు ఒక గడి పెడతాను. ఫలానా సీటు ఫలానా పార్టీ కంచుకోట అని రాసే ముందు ఆ గడి చూస్తే చాలాసార్లు కలం ఆగుతుంది. మండలాలు మారితే కోట గోడలే మారినట్టు. 2022లో జిల్లాను రెండు చేశాక రాప్తాడు అటు కొంతా ఇటు కొంతా పడింది. ఒకే ఎమ్మెల్యే, ఇద్దరు కలెక్టర్లు.

ఇక వచ్చే పునర్విభజన. రాష్ట్ర విభజన చట్టంలో సీట్లు 225 చేసుకోవచ్చని ఉంది. అది ఎప్పుడవుతుందన్నది వేరే సంగతి. గీతలు గీసేది తలలు లెక్కబెట్టి. ఇక్కడేమో వేరుశనగ ఎండిన ఏడాది ఊరికి ఊరే బెంగళూరు బస్సెక్కుతుంది, పోలింగ్ రోజుకు మళ్లీ దిగుతుంది. ఆ మనుషుల్ని లెక్కలవాళ్లు ఎక్కడ రాసుకుంటారన్న దాన్ని బట్టి కరువు మండలాల సీట్లు ఉంటాయి, లేదా నల్లమాడ దారి పడతాయి. పుట్లూరు, యల్లనూరు, అమడగూరు మండలాల గళ్లు ఇప్పటికే వేసి ఉంచాను, పెన్సిల్‌తో.