అపరాధ పరిశోధక నవల - చేతిపని - ఖరగ్‌పూరు

'రైల్వే సాహిత్యం' అన్న మాట తెలుగు విమర్శలో నిందగానే పుట్టింది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912-1975) వేయి నవలల రచయితగా ప్రసిద్ధికెక్కిన రోజులలో, ఆ నవలలు స్టేషను పుస్తకాల దుకాణాలలో కొనబడి, బండి దిగేలోపల చదవబడి, బల్లమీదనే వదలివేయబడతాయని పండితులు చులకనగా మాట్లాడేవారు. తరువాత ఆ నింద డిటెక్టివు నవలకు కూడా సంక్రమించింది. నిందలోని న్యాయాన్యాయాల మాట అటుంచి, అందులోని విచిత్రాన్ని గమనించినవారు తక్కువ. ఆ రైల్వే సాహిత్యంలో రైల్వే లేదు. నవల రైలెక్కింది గాని, రైలు నవలకెక్కలేదు. సిగ్నలు దించేవాడు, బాయిలరు మేస్త్రీ, ఆగిన బండి చక్రాన్ని సుత్తితో తట్టి ఆ ధ్వనిని బట్టి పగులు కనిపెట్టేవాడు - వీరిలో ఎవరి విద్యా కథకు తాళపుచెవి కాలేదు.

ఈ లోపాన్ని గుర్తించటానికి ఆంగ్లంలోని ఒక నవలాశాఖతో పోలిక సహకరిస్తుంది. దానిని అక్కడ 'కోజీ' రహస్య నవల అంటారు. తెలుగులో 'ఇంటిపట్టు రహస్య కథ' అనవచ్చును. ఊరు చిన్నది, అందరూ ఒకరినొకరు ఎరిగినవారు, హత్య జరుగుతుంది గాని నెత్తురు వర్ణన ఉండదు, పరిశోధన చేసేది పోలీసు అధికారి కాదు, కుట్టుపనో వంటపనో తోటపనో తెలిసిన సామాన్యురాలు. 1927 డిసెంబరులో ఒక పత్రికా కథలో ఆగథా క్రిస్టీ ప్రవేశపెట్టిన మిస్ మార్పుల్ ఈ వంశానికి మూలపుటమ్మ. ఆమె చేతిలో అల్లికసూదులు ఆడుతూ ఉంటాయి. ఎదుట కూర్చున్న పెద్దమనుషులు ఆమె ఉనికినే మరచి మాట్లాడుతూ ఉంటారు.

గత శతాబ్ది చివరి దశకంనుంచి అమెరికాలో ఈ శాఖ వృత్తులవారీగా చీలిపోయింది. ఎర్లీన్ ఫౌలర్ 1994లో 'ఫూల్స్ పజిల్' వ్రాసి, ఆ వరుసలోని నవలలకు బొంతకుట్టు నమూనాల పేర్లే పెట్టింది. మోనికా ఫెర్రిస్ 1999లో సూదిపని దుకాణాన్ని కథాస్థలం చేసింది. జోన్ ఫ్లూక్ 2000లో బిస్కత్తుల దుకాణాన్ని, లారా చైల్డ్స్ 2001లో 'డెత్ బై డార్జిలింగ్' అన్న పేరుతో తేనీటి దుకాణాన్ని తెరిచారు. డార్జిలింగు ఆకు అమెరికా దక్షిణతీరంలో ఒక హత్యకు పేరిచ్చిందంటే, వంగదేశపు సరుకు ఎంతదూరం ప్రయాణించిందో తెలుస్తుంది!

ఈ నవలలలో అధికభాగానికి ఒక బలహీనత ఉన్నది. పుస్తకం చివర వంట విధానమో, కుట్టు నమూనాయో అచ్చువేస్తారు. పాఠకురాలికి అది ఉపాయనం. కాని ఆ చివరి పుటలను చించివేసినా హంతకుడు పట్టుబడుతున్నాడంటే, ఆ చేతిపని కథకు అలంకారమే గాని అంగం కాదు. వంటలక్క స్థానంలో దర్జీని నిలిపినా కథ చెక్కుచెదరకపోతే, రచయిత్రి దుకాణపు బోర్డు మాత్రమే మార్చినదన్నమాట. ఈ శాఖలో మంచిచెడ్డలను తేల్చే గీటురాయి ఇది ఒక్కటే: రహస్యం విడివడటానికి ఆ పని తెలిసి ఉండటం అవసరమా, కాదా?

ఈ గీటురాయికి నిలిచిన నవల ఇంగ్లండులో 1934లోనే వచ్చింది. డొరొతీ సేయర్స్ వ్రాసిన 'ది నైన్ టైలర్స్'కు ఆధారం చర్చి గంటలను లెక్కప్రకారం వరుసలు మార్చి మ్రోగించే విద్య. నూతన సంవత్సరపు రాత్రి ఎనిమిదిమంది తొమ్మిది గంటలపాటు నిలబడి 15,840 మార్పులు మ్రోగించటంతో కథ మొదలవుతుంది. తొలి పుటలలో ఆ లెక్కలు చదువరిని విసిగించకపోవు. అయితే ఆ విసుగు వృథా కాదు. తరువాత దొరికే సంకేతలేఖను చదవటానికి గంటల వరుస తెలియాలి. మరణకారణమే ఆ గంటలలో దాగి ఉన్నది. ఆ విద్యను తీసివేస్తే నవలే లేదు.

రైల్వేకు కూడా ఇటువంటి రచయితలు దొరికారు. విక్టర్ వైట్‌చర్చ్ అనే క్రైస్తవ మతాచార్యుడు 1912లో ప్రకటించిన రైల్వే కథలలో పరిశోధకుడు థార్ప్ హేజెల్‌కు రైళ్లంటే వ్యసనం, కాలపట్టికలు కంఠస్థం. 'ది కాస్క్' (1920) రచయిత ఫ్రీమన్ విల్స్ క్రాఫ్ట్స్ స్వయంగా రైల్వే ఇంజనీరు. నేరస్థుడు చెప్పుకున్న ప్రయాణపు వేళలను నిమిషాలతో సహా తూచి విరగగొట్టటం ఆయన పద్ధతి. జపానులో మత్సుమొతో సేయిచో 1958లో గ్రంథరూపంలో తెచ్చిన నవలలో, టోక్యో స్టేషనులో ఒక ప్లాట్‌ఫారం మీదనుంచి మరొకటి అడ్డులేకుండా కనిపించే నాలుగు నిమిషాల వ్యవధియే కథకు కీలకం. రైలు తెలిసిన చేతులలో రైల్వే సాహిత్యం ఏమి కాగలదో దీనివల్ల తెలుస్తుంది.

మన నవల మాట. తెలుగు అపరాధ పరిశోధక నవల తొలిపాఠాలు నేర్చినది వంగభాషవద్దనే. పాంచ్‌కడీ దే నవలలు తెలుగులోకి వచ్చి పాఠకులను ఉర్రూతలూగించాయి. ఆ తరువాత ఆంగ్లప్రభావం హెచ్చింది. కొమ్మూరి సాంబశివరావు (1926-1994) సృష్టించిన డిటెక్టివు యుగంధర్, సహాయకుడు రాజు రెండు తరాల తెలుగు యువకులకు ఇంటివారైనారు. కొమ్మూరి వాక్యం చురుకైనది. కథనంలో బిగువు ఉన్నది. వాటిని కాదనటం అన్యాయం. కాని ఆ నవలల లోకం కార్లు, హోటళ్లు, రివాల్వర్లు, టెలిఫోనులతో నిండిన నగరం. యుగంధర్ తెలివి ఏ వృత్తికీ చెందదు. కనుకనే ఆయనను మదరాసునుంచి మరొక మహానగరానికి బదిలీ చేసినా కథకు నష్టం రాదు.

ఇదే కాలంలో వంగభాషలో జరిగినది వేరు. శరదిందు బంద్యోపాధ్యాయ 1932లో ప్రారంభించిన వ్యోమకేశ్ బక్షీ కథలలో ఒకదానిలో ప్రాణాలు తీసేది గ్రామఫోను ముల్లు. దానిని ప్రయోగించే యంత్రం సైకిలు గంటలో దాగి ఉంటుంది. కలకత్తా వీధిలో రోజూ వినిపించే ధ్వనినుంచే రచయిత భయాన్ని పుట్టించాడు. పరాయి విద్యను స్వదేశపు వస్తువులతో నింపటం అంటే ఇదే. తెలుగులో ఆరుద్ర తన డిటెక్టివు నవలకు 'పలకల వెండిగ్లాసు' అని పేరు పెట్టినప్పుడు అటువంటి దారి ఒకటి తెరుచుకున్నది. చదరంగం మొదలైన విద్యలమీద మక్కువగల ఆ కవికి, ప్రతి ఇంటి అలమారులోను ఉండే వస్తువులో రహస్యం ఇమడగలదని తోచటం సహజమే. ఆ దారిన నడక సాగలేదు.

సాగకపోవటానికి కారణం ఊహించటం కష్టం కాదు. 1960, 70 దశకాలలో వారపత్రికలనిండా రచయిత్రుల నవలలు వర్ధిల్లాయి. వంటిల్లు, పెరడు, పూలజడ, పేరంటం వారి పుటలలో ఉన్నాయి. డిటెక్టివు నవల మటుకు చాలావరకు మగవారి చేతిలోనే ఉండిపోయింది. ఒకచోట ఇంటి విద్య ఉన్నది, రహస్యం లేదు. మరొకచోట రహస్యం ఉన్నది, ఇంటి విద్య లేదు. ఈ రెండు పాయలు కలిసి ఉంటే తెలుగులో మిస్ మార్పుల్ ఆవకాయ కలుపుతూ దర్శనమిచ్చి ఉండేది.

ఆ కలయికకు అనువైన స్థలం కోస్తా పల్లె అని తోచవచ్చు. అంతకంటె అనువైనది ఖరగ్‌పూరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, ఆ శతాబ్ది ముగిసే వేళకు ఇక్కడ స్టేషనును నెలకొల్పి, తరువాత పెద్ద కర్మాగారాన్ని నిర్మించింది. తూర్పుతీరపు దారి వెంట విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలనుంచి తెలుగువారు వచ్చి స్థిరపడ్డారు. 1955నుంచి ఇది ఆగ్నేయ రైల్వేలో ఉన్నది. లోకానికి ఈ ఊరు 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం వల్లనే తెలుసు. 2013లో గోరఖ్‌పూరు ఆ కీర్తిని కూడా తీసుకున్నది.

ఆంగ్లకవి ఆడెన్ 1948లో డిటెక్టివు కథనుగురించి వ్రాసిన వ్యాసంలో, నేరానికి ముందు ఆ సమాజం మూసి ఉన్నదిగా, నిర్దోషంగా కనిపించవలెనన్నాడు. రైల్వే కాలనీ మూసి ఉన్న సమాజమే. ఎవరి హోదాకు తగిన క్వార్టరు వారిది; ఎవరు ఏ షిఫ్టుకు వెళ్లారో పొరుగువారికి తెలుసు. అయితే ఇంగ్లీషు పల్లెకు లేని గుణం దీనికొకటి ఉన్నది. ఇక్కడ గోడకు ఆవలివైపు మరొక భాష. పక్కింటివారి మాట సగమే అర్థమవుతుంది. వారి చేతిపని మాత్రం పూర్తిగా కనిపిస్తుంది. రహస్య కథకు ఇంతకంటె మంచి పరిస్థితి అరుదు.

ధనుర్మాసాన్ని తీసుకుందాం. తెలుగు ఇల్లాలు తెల్లవారకముందే కల్లాపి చల్లి, బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పొడిపిండిని జారవిడుస్తూ, చుక్కలు పెట్టి ముగ్గు కలుపుతుంది. వంగదేశపు గృహిణి అల్పనను నానబెట్టి రుబ్బిన బియ్యపుపిండి నీళ్లలో గుడ్డను ముంచి, వ్రేళ్ల కొసలతో తీరుస్తుంది. ఒకటి పొడి, ఒకటి తడి. మేదినీపూరు ఎర్రనేలమీద రెండూ తెల్లగానే కనిపిస్తాయి. దూరంనుంచి చూసిన పోలీసు ఉద్యోగికి వాటిలో భేదం తెలియదు. పొడిముగ్గు మంచు పడకముందు వేసినదో, పడిన తరువాత వేసినదో అంటుకున్న తీరే చెబుతుంది. చుక్కల ముగ్గులో గీత ఎక్కడ మొదలై ఎక్కడ మూసుకున్నదో చూసి, అది ఇంటావిడ చేతిదా, చూచివ్రాతగా వేసిన పరాయి చేతిదా అని సాటి ఇల్లాలు చెప్పగలదు. నిత్యం పొడిపిండితో ముగ్గువేసే తెలుగువాకిట ఒక ఉదయం తడిపిండి మరక కనిపిస్తే? ఆ మరకను చదవగలిగినది ఆ వీధిలో ఒకే ఒక్క ముసలమ్మ అయితే? అక్కడినుంచి ఒక నవల నడుస్తుంది; ఆమె స్థానంలో యుగంధర్‌ను నిలిపితే నడవదు.

ఊరగాయ జాడీ కూడా అటువంటిదే. ఆవపిండి, ఉప్పు, కారం, నువ్వులనూనెతో కలిపిన ముక్కలను మూడవనాడు తిరగకలపటం ఆనవాయితీ. కాబట్టి జాడీ ఒక గడియారం. అందులోనుంచి ఆవనూనె వాసన వచ్చిందంటే వంగదేశపు చేయి పడినదని ముక్కే సాక్ష్యం చెబుతుంది. సంక్రాంతి బొమ్మలకొలువులో కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేసినది, దూదివలె తేలిక. ఒక బొమ్మ బరువెక్కితే ఏటేటా దానిని తుడిచి నిలిపిన చేతికే అనుమానం కలుగుతుంది. మగవారి వైపున చక్రాన్ని తట్టే సుత్తి ఉన్నది. పగులులేని చక్రం గంటవలె పలుకుతుంది, పగిలినది బొంగురుపోతుంది. ఆ భేదాన్ని ముప్పై ఏళ్లు విన్న చెవి ఇంటిలో ఏ ధ్వనిని గుర్తుపట్టదు? సేయర్స్ గంటలకు ఖరగ్‌పూరు ఇవ్వగల సమాధానం అదే.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. చేతిపని ఆనవాలు కావాలంటే దాని భాగాలకు పేర్లు ఉండాలి. పేరులేని వస్తువును రచయిత చూపలేడు. చూపినా పాఠకుడు గుర్తుంచుకోలేడు. ఖరగ్‌పూరులో తెలుగు ఇంటిభాష. కర్మాగారంలో ఇంగ్లీషు, హిందీ, బజారులో వంగభాష. తరం మారిన కొలదీ ఇంటిలో సైతం పనిముట్ల పేర్లు ముందు జారిపోతాయి, చుట్టరికాల పేర్లు కడపట జారుతాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశంలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వెలువడ్డాయి. పడుగు, పేక, నాడె వంటి మాటల వెనుక ఎంత సూక్ష్మపరిశీలన ఉన్నదో ఆ సంపుటాలు తిరగవేసినవారికి తెలుసు. వాటిని పండితుల బీరువా గ్రంథాలుగా చూడటం పొరపాటు. అపరాధ కథకుడికి అవి ఆనవాళ్ల భాండాగారాలు. కోశం మాటను భద్రపరుస్తుంది. ఆ మాట తెలియకపోతే హంతకుడు తప్పించుకుపోయేటట్లు కథ అల్లితే, పాఠకుడు దానిని తనంత తానుగా నేర్చుకుంటాడు. కరీంనగరంలోను, జంషెడ్‌పూరులోను చదివేవారికి కూడా చక్రపు పలుకుకు ఒక తెలుగుమాట చేతికి వస్తుంది. ప్రవాసాంధ్రుల పిల్లలకు పాఠ్యపుస్తకం చేయలేని పని ఇటువంటి నవల చేయవచ్చును.

ఇంటిపట్టు కథకు సహజమైన ప్రమాదం మరొకటి ఉన్నది. అది తన ఊరిని మరీ తీయగా చూస్తుంది. ఖరగ్‌పూరు కాలనీ నిర్దోషమైన తోట కాదు. కంపెనీ రోజులలో తెల్లవారికి ఒక నివాసం, ఆంగ్లో ఇండియనులకు ఒకటి, నల్లవారికి ఒకటి. 1927లో ఇక్కడి కర్మాగారంలో సమ్మె, ఆపై లాకౌటు జరిగాయి. ఆ రైల్వే కార్మికుల నాయకుడు, తరువాత రాష్ట్రపతి అయిన వి. వి. గిరి. జీతం నిలిచిన ఇంటిలో ముగ్గుపిండికి బియ్యం ఎక్కడిది? ఆ సంవత్సరపు ధనుర్మాసంలో ఏ వాకిట ముగ్గు పడలేదో, ఏ వాకిట పడినదో గమనించిన ఇల్లాలికి, ఎవరింటికి దొంగచాటుగా డబ్బు ముట్టినదో కూడా తెలిసి ఉంటుంది. సమ్మెను ద్రోహం చేసినవాడిని పట్టుకునే విద్య ఆమె వ్రేళ్లమధ్య ఉన్నది. పట్టుకున్న తరువాత పొరుగింటివాడి పేరు బయటపెట్టటమా, వాకిలి ఊడ్చి ఊరుకోవటమా అన్నది ఆమె తేల్చుకోవలసిన సంగతి.