రేకు దాకా గీకితే

మా నాయిన అంబాసిడర్ కారుకు సాండ్ బ్లాస్టింగ్ చేయించిన తర్వాతనే పోతన భాగవతం గురించి నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ రెండింటికీ ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. మాది దేవరుప్పుల. పోతన ఊరని మా వైపు అందరూ నమ్మే బమ్మెర పక్కనే, పాలకుర్తి మండలంలో ఉంది. (ఒంటిమిట్టవాళ్ళు ఒప్పుకోరు, అది వేరే తగాదా.) చిన్నప్పుడు ఆ కారులోనే బమ్మెర చూసొచ్చినం. అసలు సంబంధం మాత్రం కారు రేకు బయటపడిన రోజు కనిపించింది.

నాయిన ఆ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొని జనగామ, పాలకుర్తిల మధ్య కిరాయికి తిప్పిండు. ఆయన పోయినంక ఆరేళ్ళు అది వాకిట్లో టార్పాలిన్ కింద పడి ఉంది. మళ్ళీ కొత్తదానిలా చేయాలని నాకు పట్టుదల. పైన తెల్లరంగు పొక్కులు లేచింది. లోపల తుప్పు ఎంతుందో తెలియదు. హైదరాబాదు శివార్లలో ఒక షెడ్డుకు తీసుకుపోయాను. ఆ పనాయన అడిగిండు: “మొత్తం తీసెయ్యాల్నా, ఎక్కడన్న ఆపాల్నా?” నేను ఆలోచించకుండా “మొత్తం” అన్నాను.

పేరుకు సాండ్ బ్లాస్టింగే గానీ ఇసుక వాడటం మంచిది కాదు. దాంట్లోని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. అక్కడ వాడింది గార్నెట్, మన భీమునిపట్నం తీరపు ఇసుకలో కూడా దొరికే ఖనిజం. కంప్రెసర్ గాలి ఆ రవ్వను నాజిల్ గుండా విసురుతుంది. ప్రతి రవ్వా ఒక చిన్న సుత్తి. కారు రేకు మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ, అంతే. ఒకే చోట ఎక్కువసేపు కొడితే దెబ్బ తిన్న వైపు రేకు సాగుతుంది, ఇంకో వైపు సాగదు. బానెట్, టాపు లాంటి వెడల్పు భాగాలు అలలు తిరిగిపోతాయి. అందుకే గాలి ఒత్తిడి తగ్గించాలి, నాజిల్‌ను ఏటవాలుగా పట్టాలి, చేయి ఆగకుండా కదలాలి. రంగెక్కడ అయిపోయిందో, రేకెక్కడ మొదలైందో రవ్వకు తెలియదు. అది పట్టుకున్న మనిషికే తెలియాలి.

రంగు పొరలుపొరలుగా పోయింది. తెలుపు, దాని కింద నీలం, అట్టడుగున కంపెనీ వేసిన మీగడ రంగు. సాయంత్రం ఫోన్ చేస్తే అమ్మ అడిగింది: “డిక్కీ మీద ఊరి పేరు కనవడ్డదా బిడ్డా?” నాకు కడుపులో చేయి పెట్టి దేవినట్టయింది. నీలం రంగు మీద పసుపు అక్షరాలతో ‘దేవరుప్పుల’ అని నాయిన పెయింటర్‌తో రాయించిండు. తర్వాత తెల్లరంగు దాన్ని కప్పేసింది. అంటే ఆ పూట పొద్దునదాకా అది అక్కడే ఉంది. కొన్ని క్షణాల్లో దుమ్మైపోయింది. తప్పు పనాయనది కాదు, ఆయన అడిగిండు.

ఇంకో సంగతి. ఎడమ తలుపు కింద పుట్టీ ఊడిపోతే అక్కడ కంపెనీ రేకు లేదు. డ్రమ్ము రేకు ముక్క కోసి, గ్యాసు వెల్డింగుతో అతికిన మాటు ఉంది. ‘ఒరిజినల్’ కోసం అన్నీ గీకించాను. తీరా చూస్తే అడుగున ఉన్నది కూడా ఇద్దరు చేసిన పనే.

అప్పుడు గుర్తొచ్చింది భాగవతం. పన్నెండు స్కంధాల్లో అయిదోది గంగన, ఆరోది సింగన, పదకొండు, పన్నెండు వెలిగందల నారయ రాసినవి. సర్వజ్ఞ సింగభూపాలుడు గ్రంథాన్ని పాతిపెట్టించాడనీ, శిథిలమైన చోట శిష్యులు పూరించారనీ ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గానీ, స్కంధాంత గద్యల్లో ఎవరి పేరు వాళ్ళు పెట్టుకున్నారు. వెల్డింగు గీత కనబడనిచ్చారు. పైన పుట్టీ రాయలేదు.

మన విమర్శలో ‘అచ్చమైన పోతన’ కోసం ఒక తహతహ ఉంది. నాకూ ఉండేది. గజేంద్రుడు, ప్రహ్లాదుడు, రుక్మిణి చదివి, అయిదు, ఆరు దాటేసి పోయేవాణ్ణి. వాటిని నాసిరకం మాటు అనుకున్నాను, చదవకుండానే. కానీ ఆరు తీసేస్తే అజామిళుడు పోతాడు. అయిదు తీసేస్తే జడభరతుడు పోతాడు. ‘శుద్ధమైన’ భాగవతం చేతికొస్తుంది గానీ, తెలుగువాళ్ళు వందల ఏళ్ళుగా చదువుకున్న భాగవతం అది కాదు. గంగన, సింగనలు పోతనతో సమానమని నేననడం లేదు. తక్కువే అని తేల్చాలన్నా ముందు వాళ్ళను చదవాలి కదా.

మరి తుప్పు సంగతేమిటి? అదీ న్యాయమైన ప్రశ్నే. పుట్టీ కింద తుప్పు తింటూనే ఉంటుంది, దాన్ని గీకి తీరాలి. వేమనను చూడండి. ఎవరికి తోచింది వాళ్ళు రాసి ఆయన పేరు తగిలించారు, తమ పేరు దాచారు. అది మాటు కాదు, పుట్టీ. బ్రౌన్ ఎన్నో తాళపత్ర ప్రతులు పోగేసి, ఏరి, 1829లో 693 పద్యాలు అచ్చేశాడు. ఏరడం తప్పనిసరి. కానీ వేమన విషయంలో, గీకుతూ పోతే అడుగున రేకు తగులుతుందన్న హామీ కూడా లేదు. అందుకే అక్కడ ఏం ఉంచారన్నది ఎంత ముఖ్యమో, ఏం తీశారు, ఎందుకు తీశారు అన్నది రాసిపెట్టడం అంతే ముఖ్యం. మా సాఫ్ట్‌వేర్‌లో తీసేసిన లైను కూడా హిస్టరీలో ఉంటుంది. రేపు నేను పొరపడ్డానని తెలిస్తే ఇంకొకరు వెనక్కి తేగలరు. సంపాదకుడి నుంచి పాఠకుడు కోరేది కూడా ఇంతకన్నా పెద్దదేం కాదు.

బట్టబయలైన రేకు కూడా ఎక్కువసేపు నిలవదు. వానాకాలపు గాలికి కొన్ని గంటల్లోనే ఎర్రబారుతుంది, వెంటనే ప్రైమర్ కొట్టాలి. ‘అసలు పాఠం’ అని పట్టుకొచ్చినదాని మీద కూడా మన కాలం ఒక పొర వేయక తప్పదు. తలుపు కింది మాటును నేను మార్చలేదు. గట్టిగానే ఉంది.

పాత బండ్లు తెలిసినవాళ్ళు పని మొదలుపెట్టే ముందు ఒకటి చేస్తారట. కనబడని మూల రూపాయి బిళ్ళంత చోట సన్న కాగితంతో మెల్లగా రుద్ది, ఒక్కో పొరనూ ఉంగరంలా తేలనిస్తారు. ఎన్ని రంగులో, ఏది ఎప్పటిదో చూసి, ఎక్కడ ఆగాలో అప్పుడు తేలుస్తారు. ఆ పని చేసి ఉంటే నీలం పొర దగ్గర ఆగమని చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆరో స్కంధం మొదటి నుంచి చదువుతున్నాను.