రాజు చెంప మీద గాటు

మా ఆర్మూర్‌లో పసుపు కొనేవాడు రాశి మెరుపుకు పడిపోడు. చెయ్యి లోపలికంటా దూర్చి, అడుగునున్న కొమ్మొకటి లాగి, ఫట్‌మని విరుస్తాడు. చప్పుడు గట్టిగా రావాలి, అప్పుడే బాగా ఎండినట్టు. విరిగిన చోట రంగు చూశాకే రేటు మాట.

రోమన్ వెండి నాణేలు చూస్తే నాకు ఆ చప్పుడే గుర్తొస్తుంది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1531 దీనారియస్‌లు బయటపడ్డాయి. ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. (శ్రీనాథుడి కనకాభిషేకంలో మనం వినే దీనారం ఈ మాటకు బిడ్డే.) పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో తెచ్చిన పుస్తకంలో ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల వివరాలున్నాయి. అక్కెనపల్లి నాణేల్లో చాలావాటికి ఉలి గాట్లున్నాయి. అదీ రాజు తలకాయ మీద.

ఒక్కోటి నాలుగు గ్రాములకు కాస్త తక్కువ. పాత వెండి రూపాయి తులమైతే ఇది అందులో మూడో వంతు. అగస్టస్ నాణెం బొరుసు తిప్పితే ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉంటారు, చెరో డాలు మీద చెయ్యి, వెనక ఈటెలు. గైయస్, లూసియస్ అని అతని కూతురి కొడుకులు. తాత వాళ్ళను దత్తత చేసుకుని, వారసులు వీళ్ళేనని లోకమంతటికీ వెండి మీద చాటాడు. క్రీ.శ. 2లో ఒకడు, 4లో ఇంకొకడు పోయారు. నాణేలు మాత్రం ఓడలెక్కి వచ్చాయి. ఇక్కడ సరుకు అమ్మినవాడికి ఆ పిల్లలెవరో ఏం పట్టింది? లోపల రాగి ఉందా, మొత్తం వెండేనా, అదీ అతని బెంగ. రాగికి వెండి తొడిగిన దొంగ నాణేలు రోమన్లకూ కొత్త కాదు మరి.

పరీక్షకే అయితే అంచున గాటు పెట్టొచ్చుగా, మొహం మీదే ఎందుకు? పరాయి రాజు పెత్తనం ఇక్కడ చెల్లదని చెప్పడానికేనని కొందరు పండితులంటారు. కావచ్చు. అంగట్లో పెరిగిన నా బుద్ధికి మాత్రం వేరే తోస్తుంది. నాణెంలో ఎత్తుగా లేచి ఉండేది చెంపే. ఉలి అక్కడే దిగుతుంది.

అదే మొహాన్ని ముచ్చటపడి మెళ్ళో వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో టైబీరియస్ నాణేన్ని చూసి చేసిన మట్టి బిళ్ళలు దొరికాయి.

మా నాయినమ్మ మెడలో అయిదో జార్జి రూపాయి ఉండేది, అవుసలాయన కొక్కెం అతికించినది. ఆ గడ్డపాయన ఎవరని చిన్నప్పుడు అడిగితే, "ఎవరో దేవుడు బిడ్డా" అంది. ఇప్పుడది నా బీరువాలో ఉంది. ముక్కు అరిగిపోయింది. గడ్డం గీతల్లో పసుపు ఇంకా వదల్లేదు.