చాందా కడపటి గోండు రాజు నీలకంఠ షా : అపకీర్తి పరిశీలన

భద్రావతికి భాందక్ అని పాతపేరు. విజాసన్ గుహలు, భద్రనాగుని కోవెల ఈ ఊరి ప్రాచీనతను నేటికిని చాటుచున్నవి. రాష్ట్రకూట ప్రభువగు మొదటి కృష్ణుని 772 నాటి తామ్రశాసనము ఇచ్చటనే లభించినది. ఏడవ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు దర్శించిన కోసల రాజధాని ఇదియేయని కొందరు పండితులు వాదించిరి గాని ఆ వాదము నిలువలేదు. ఇంతటి పూర్వకాలపు సంగతులను గూర్చి ఇంత వాదోపవాదము జరిగినను, ఈ ఊరికి దాదాపు 25 కిలోమీటర్ల దూరమున, 1751లో, అనగా నిన్నమొన్న యనదగిన కాలమున, అంతరించిన చాందా గోండు రాజ్యపు కడపటి ప్రభువును గూర్చి చర్చ మిక్కిలి అరుదు. ఆయన విషయమున చర్చ లేదు, తీర్పు మాత్రము కలదు.

ఆ తీర్పు ఇట్లున్నది. రామ్ షా సాధువర్తనుడు, ప్రజల మన్ననకు పాత్రుడు. ఆయన తరువాత 1735లో గద్దె నెక్కిన నీలకంఠ షా క్రూరుడు. తండ్రికి నమ్మకస్థుడైన దివాను మహాదోజీ వైద్యను చంపించెను. పొరుగు రాజ్యమైన దేవ్‌గఢ్ వ్యవహారములలో తలదూర్చెను. అన్ని వర్గములవారిని బాధించెను. కావుననే నాగపూరు రఘూజీ భోంస్లే దండెత్తి వచ్చినపుడు, అంత పెద్ద కోట గల నగరము యుద్ధముచేత గాక, విసిగిపోయిన ఉద్యోగుల ద్రోహముచేత పడిపోయినది. చాందా జిల్లా భూమిశిస్తు సెటిల్మెంటు జరిపిన మేజర్ లూసీ స్మిత్ 1869 నాటి నివేదికతో ఈ కథ అచ్చుకెక్కినది. నాగపూరు బిషప్పు చాటర్టన్ 1916లో ప్రకటించిన గోండ్వానా చరిత్రలోను ఇదియే కానవచ్చును. ఒకరు వ్రాసినదానిని మరొకరు వ్రాయుటచేత సాక్షులు పెరిగినట్లు తోచును గాని, నిజమునకు సాక్ష్యము ఒక్కటియే.

ఆ సాక్ష్యపు విలువ యెంత? నివేదికతో ప్రచారములోనికి వచ్చిన వంశావళిలో 870 మొదలు 1751 వరకు 19 పేర్లున్నవి. సగటున ఒక్కొక్క పేరునకు 46 ఏండ్లకు పైగా పాలన! ఇది ఏ రాజవంశమునందును సామాన్యముగా సాధ్యపడునది కాదు. అంతకంటె విచిత్రము బాబాజీ బల్లాళ షా సంగతి. వంశావళి ఆయనకు 1442 నుండి 1522 వరకు ఎనుబదేండ్లు కేటాయించినది. అక్బరు కాలపు ‘ఐనీ అక్బరీ’ మాత్రము, పదునారవ శతాబ్దపు తుదిని, బాబాజీని తనకు సమకాలికుడైన ప్రభువుగా పేర్కొనుచున్నది. మనుమడి ఇంటిలో తాతను చూచినట్లున్నది ఈ లెక్క. దీనినిబట్టి ఆ వంశావళి నోటిమాటలను కూర్చి పేర్చినదే కాని, దినదినము వ్రాసియుంచిన కవిలె కాదని తేలుచున్నది. ఐనను న్యాయము చెప్పవలెనన్న, తొలిభాగము తప్పినంతమాత్రమున తుదిభాగమును తోసివేయరాదు. 1751కిని 1869కిని నడుమ 118 ఏండ్లే. తాతలు చెప్పగా విన్నవారు అప్పటికి బ్రతికియే యుందురు. అందుచేత నేరములను విడివిడిగా పరీక్షింపక తప్పదు.

దేవ్‌గఢ్ జోక్యమును ముందు చూడవలెను. దేవ్‌గఢ్ కూడ గోండు రాజ్యమే. 1739లో అచటి రాజు చాంద్ సుల్తాన్ మరణింపగా, బఖ్త్ బులంద్ యొక్క అక్రమ సంతానమగు వలీ షా గద్దె నాక్రమించెను. చాంద్ సుల్తాన్ విధవ రతన్ కున్వర్ తన కుమారుల పక్షమున రఘూజీని పిలిచినది. నీలకంఠ షా వలీ షా పక్షము వహించెను. వలీ షా ఓడిపోయెను గనుక ఇది మూర్ఖత యనుచున్నారు. గెలిచియున్నచో దూరదృష్టి యనియుందురు. ఉత్తరపు సరిహద్దున భోంస్లే సేన వచ్చి నిలుచుచున్నపుడు, దానిని పిలిచినవారికి ఎదురు నిలుచుట చాందా రాజునకు సహజమైన యోచనయే. మరి రఘూజీతో స్నేహము చేసిన పక్షము సుఖపడినదా? అదియును లేదు. అన్నదమ్ములు బుర్హాన్ షా, అక్బర్ షా తమలో తాము కలహించుకొనిరి. 1743 నాటికి దేవ్‌గఢ్ అధికారము రఘూజీ చేతిలోనికి పోయినది. అక్బర్ షా హైదరాబాదునకు పారిపోయెను. బుర్హాన్ షా పేరునకు మాత్రము రాజుగా మిగిలెను. పిలిచినవాని రాజ్యమును పోయినది, ఎదిరించినవాని రాజ్యమును పోయినది. ఇట్టిచో చాందా పతనమునకు ఒక్క నీలకంఠుని దుర్గుణములే కారణమనుట ఎట్లు పొసగును?

1749 నాటి ఒడంబడిక కూడ ఆలోచింపదగినది. దానిచేత రాజ్యపు రాబడిలో మూడింట రెండు వంతులు రఘూజీ పరమైనది. మిగిలిన ఒక్క వంతుతో సేనను, కోటలను, కొలువును నిలుపుకొనవలెను. అట్టి రాజు ప్రజల నుండి శిస్తు పిండక ఏమి చేయును? ప్రజలు మూలిగిరన్న మాట నిజమే కావచ్చును. కాని ఆ మూలుగులో ఎంతపాలు ఒడంబడికకు ముందటిది, ఎంతపాలు తరువాతది యని కథ చెప్పువారు విడదీయలేదు. రెండేండ్లకే రఘూజీ రాజ్యమంతయు కైవసము చేసికొనెను. నీలకంఠ షా బల్లార్‌పూరు కోటలో బందీయై అచ్చటనే మరణించెను. చాందా నగరము కట్టుటకు పూర్వము ఆ వంశమునకు రాజధాని ఆ బల్లార్‌పూరే.

ఇక ద్రోహము మాట. నగరము ఉద్యోగుల ద్రోహముచేత పడినదని కథయే ఒప్పుకొనుచున్నది. తలుపు తెరచినవారు తరువాత ఎవరి కొలువున బ్రతికిరి? భోంస్లేల కొలువుననే గదా. 1853లో నాగపూరు రాజ్యము ఆంగ్లేయుల వశమగువరకు నూరేండ్లకు పైగా ఈ సీమలో లెక్కలు వ్రాసినవారు, గ్రామాధికారములు నెరపినవారు ఆ కొలువులోనివారే. ఏలిక మంచివాడైనచో తలుపు తెరచుట స్వామిద్రోహము. ఏలిక రాక్షసుడైనచో అదియే లోకోపకారము. నీలకంఠ షా చెడ్డవాడగుట వారికి అవసరము.

ఇచ్చట ఒక ఆక్షేపము రాగలదు. లూసీ స్మిత్ మరాఠాల పక్షపాతి కాడు. గోండు రాజులు అడవిని సాగులోనికి తెచ్చిరనియు, చెరువులు తవ్వించిరనియు, ఏడు మైళ్ల రాతి ప్రాకారమును నిలిపిరనియు, తరువాతి కాలము ఆ సంపదను అందుకొనలేదనియు ఆయన ఘనముగా వ్రాసినాడు. అట్టివాడును ఈ రాజును నిందించినపుడు నమ్మరాదా? ఆక్షేపము బలమైనదే. కాని ఆ ప్రశంసలోనే చిక్కున్నది. ఇంత మంచి వంశము ఏల కూలినది యను ప్రశ్నకు సమాధానము కావలెను. నేరమంతయు కడపటివాని తలపై వేసినచో మిగిలిన పదునెనిమిదిమంది నిష్కళంకులై నిలుతురు. ఆ వంశమును మెచ్చుకొనుట వలననే ఆయనకు ఒక అపాత్రుడు కావలసివచ్చెను.

ఇట్టి రచన మన దేశమునకే పరిమితము కాదు. చీనాలో పదవ శతాబ్దమున అనేక చిన్నరాజ్యములు వెలసి, ఒక్కటొక్కటిగా సోంగ్ సామ్రాజ్యములో కలిసిపోయినవి. అందు దక్షిణ హాన్ కడపటి రాజు ల్యూ చాంగ్ 971లోను, దక్షిణ తాంగ్ కడపటి రాజు లీ యూ 975లోను లొంగిపోయిరి. వారి కథలను వ్రాసినది గెలిచిన సోంగ్ కొలువువారు. ల్యూ చాంగ్ క్రూరశిక్షలకు పేరుమోసెను, లీ యూ విలాసములలో మునిగిన అసమర్థుడనిపించుకొనెను. ఐనను లీ యూ కవి. బందీయైన కాలమున వ్రాసిన గీతములు ఆయన పక్షమున నేటికిని మాటాడుచున్నవి. నీలకంఠ షా పక్షమున అట్టి పలుకు ఒక్కటియు వినరాదు.

తెలుగువారికి దీనికి విరుద్ధమైన ఉదాహరణము ఇంటిలోనే కలదు. 1323లో ఓరుగల్లు పడినది. కాకతీయ ప్రతాపరుద్రుడు ఓడి, బందీయై ఢిల్లీకి పోవుచు నర్మదాతీరమున మరణించినట్లు ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. ఆయనయు కడపటి రాజే, ఓడినవాడే. కాని ఆయనను తెలుగుదేశము దుష్టునిగా తలపలేదు. నాయకుల అనైక్యతయే కారణమని చెప్పుకొనిరి గాని రాజును దూషింపలేదు. ఏలన, ఆ వెనుక తలయెత్తిన నాయకులు ఆయన పేరు మీదనే తమ అధికారమును నిలుపుకొనవలసియుండిరి. భోంస్లేలకు నీలకంఠుని పేరుతో అట్టి పనిలేదు. దేవ్‌గఢ్ రాజును పేరునకైనను గద్దెపై ఉంచిరి, చాందా రాజును కోటలో పెట్టిరి. ఇద్దరి కీర్తికిని గల భేదము ఇచ్చటనే పుట్టినది.

ఇంత చెప్పినందున నీలకంఠ షా ధర్మమూర్తి యని కాదు. మహాదోజీ వైద్య హత్య చిన్న నేరము కాదు. మిగిలిన నిందలవలె అది ‘అందరిని బాధించెను’ అను పొడిమాట కాదు. పేరు, పదవి గల ఒక మనిషిని గూర్చినది. దానిని కాదనుటకు ఆధారము లేదు. తండ్రి దివానును తొలగించుట కొత్త రాజులకు మామూలే. చంపించుట వేరు. పాత కొలువు వారందరును ఆ దినముననే భయపడియుందురు, ఆ భయమే ఏండ్ల తరువాత కోటతలుపు తెరచియుండవచ్చును. మిగిలినవన్నియు సడలినను ఈ ఒక్క ముడి సడలదు.

విచారింపవలసిన చోటు మరొకటి కలదు. గోండి మన భాషకు చుట్టము. రండ్, మూండ్, నాలుంగ్ అని వారు లెక్కించునపుడు తెలుగు చెవికి అనువాదము అక్కరలేదు. నీటిని వారు ఏర్ అందురు, మనము పారునీటిని ఏరు అందుము. చాందా రాజుల పేరు ఆదిలాబాదు రాజ్‌గోండులలోను నిలిచియున్నది. వారి వంశగాథలను కింగ్రీ వాయించుచు పాడు ప్రధానులను గూర్చి హైమెన్‌డార్ఫ్ 1948లో ప్రకటించిన గ్రంథమున విపులముగా వ్రాసినాడు. భోంస్లే కొలువుతో ఆ గాయకులకు సంబంధము లేదు, సెటిల్మెంటు కచేరీలో వారు సాక్ష్యము చెప్పవలసిన పనియు లేకపోయెను. గనులకును ఆయుధ కర్మాగారమునకును వచ్చి భద్రావతిలో కాపురముండు తెలుగువారికి ఆ పాటలు పాడు పల్లెలు ఒక్కనాటి ప్రయాణము. నీలకంఠుని పేరు అచ్చట ఏ స్వరమున పలుకుచున్నారో చెవియొగ్గి విని వ్రాసికొనుట మొదట జరుగవలసిన పని.