వంక పెట్టిన చోటే పనితనం

సుజుకి జిమ్నీ మీద వచ్చిన రివ్యూలన్నీ పోగేస్తే ఒక దండకం అవుతుంది. హైవే ఎక్కితే ఇంజిను గోల. స్టీరింగ్‌లో ప్లే. ఒక చక్రం గతుకులో పడితే బండి మొత్తం పక్కకి ఊగుతుంది. యూరప్‌లో అమ్మిన మూడు తలుపుల బండికి డిక్కీ 85 లీటర్లే. వెనక సీట్లు మడిస్తే తప్ప సూట్‌కేసు పట్టదు. ఆటోమేటిక్ తీసుకుంటే నాలుగే గేర్లు. 2023 జూన్‌లో ఐదు తలుపుల జిమ్నీ 12.74 లక్షల ప్రారంభ ధరతో మన మార్కెట్లోకి వచ్చినప్పుడు ఇక్కడివాళ్ళు ఇంకో రెండు కలిపారు: ఇంత పోసి కొంటే నలుగురే కూర్చోవాలా, థార్ పక్కన నిలబెడితే ఇది కంటికి ఆనుతుందా?

ఈ బండి కొన్నవాళ్ళలో చాలామంది వీటిలో దేన్నీ కాదనరు. మామూలుగా కారు యజమానికి తన బండిని ఎవరైనా ఒక మాటంటే, సొంత పిల్లను అన్నట్టు పౌరుషం పొడుచుకొస్తుంది. జిమ్నీ యజమాని పౌరుషం తీరు వేరు. "ఊగుతుంది, నిజమే. ఎందుకు ఊగుతుందో తెలుసా?" అని మొదలుపెట్టి, రివ్యూ రాసినాయన రెండు ముక్కల్లో తేల్చేసిన ఇరుసు గురించి అరగంట చెబుతాడు. అందులో సగం అభిమానమే అనుకున్నా, మిగతా సగంలో సరుకుంది. ఈ బండిని అర్థం చేసుకోవడానికి దగ్గరి దారి దాని మీద వచ్చిన ఫిర్యాదులే అని నాకనిపిస్తుంది. ఎక్కడ వంక పెట్టారో, చాలాసార్లు సరిగ్గా అక్కడే చేసినవాడి తెలివి దాగి ఉంది.

ఇరుసునే తీసుకుందాం. ఇప్పటి కార్లలో, కనీసం ముందు చక్రాలకైనా, విడివిడి సస్పెన్షన్ ఉంటుంది. కుడి చక్రం గుంటలో పడిన సంగతి ఎడమ చక్రానికి పెద్దగా తెలియదు. జిమ్నీలో ముందూ వెనకా కూడా ఒకే గట్టి హౌసింగ్, దాని రెండు కొసలా చక్రాలు. కుడి చక్రం రాయెక్కిందంటే ఇరుసు వాలి ఎడమ చక్రాన్ని నేలకేసి నొక్కుతుంది. రాళ్ళ దారిలో, వాగు ఒడ్డున కావలసింది ఇదే. చక్రం గాల్లో తిరిగితే ఎంత పెద్ద ఇంజిను ఉండీ లాభం లేదు.

అంతగా ఎవరూ గమనించని లాభం ఇంకొకటుంది. విడి సస్పెన్షన్ ఉన్న బండిలో బరువేస్తే స్ప్రింగులు కుంగి పొట్ట నేలకి దగ్గరవుతుంది. ఇక్కడ ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ చక్రాల మధ్యే ఇరుసులో భాగంగా ఉంది కాబట్టి, పైన ఎంత సామాను వేసినా దాని కింద ఖాళీ మారదు. డ్రైవరు ఒకసారి కంటితో కొలుచుకుంటే చాలు, ఏ రాయి మీదుగా పోనివ్వొచ్చో, ఏది తప్పించాలో తేలిపోతుంది. తారురోడ్డు మీద ఇదే ఇరుసు శాపం. ఒకవైపు దెబ్బ రెండోవైపుకి పాకుతుంది, బండి ఊగుతుంది. రివ్యూలో రాసింది ఆ ఊపు గురించే. రాసినవాడు అబద్ధం చెప్పలేదు, ఇరుసుకి ఉన్న రెండు పనుల్లో ఒకదాన్నే చూశాడు.

స్టీరింగ్ ప్లేదీ ఇదే కథ. మామూలు కార్లలో ఉండే ర్యాక్ స్టీరింగ్ వెంటనే మాట వింటుంది. కానీ నేల కొట్టే దెబ్బని కూడా నేరుగా చేతికి తెస్తుంది. జిమ్నీలో పాత లారీల తరహా స్టీరింగ్ బాక్సు పెట్టారు. లోపల నట్టుకీ మరకీ మధ్య ఉక్కు గోళీలు వరుసగా దొర్లుతూ తిరిగొస్తుంటాయి. నడిమధ్యన కాస్త వదులుగా ఉంటుంది. అందుకు బదులుగా రాయి చక్రాన్ని పక్కకి గుంజినప్పుడు ఆ గుంజుడు స్టీరింగ్ చక్రం దాకా వచ్చేలోపే చాలావరకు అరిగిపోతుంది. బండరాళ్ళ మధ్య బొటనవేళ్ళు స్టీరింగ్ లోపలికి పెట్టి నడిపి, చక్రం ఒక్కసారిగా గిర్రున తిరిగి వేలు విరగ్గొట్టుకున్నవాళ్ళు ఆ వదులుని తిట్టరు.

ఈ బండిలో నాకు అన్నిటికన్నా ముచ్చటేసే భాగం ముందు ఇరుసు కొస. చక్రం కుడి ఎడమలకి తిరగాలి, అదే సమయంలో ఇంజిను శక్తి అందుకుని దొర్లాలి. ఈ రెండు పనులూ ఇరుసు చివర ఉన్న ఒక గుండ్రటి ఇనుప గుబ్బలో జరుగుతాయి. పైనొకటి కిందొకటి కింగ్‌పిన్ బేరింగులు చక్రం తిరగడానికి. లోపల జాయింటు శక్తి పంపడానికి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా గుబ్బ మీద బయటి కేసింగ్ జారుతుంది. ఆ జారే అంచు చుట్టూ ఫెల్టు, రబ్బరు సీళ్ళు ఉంటాయి. గుబ్బకి అంటిన బురదని అవి ప్రతి మలుపులోనూ తుడిచేస్తుంటాయి. వాగు దాటినా లోపలి గ్రీజులోకి నీళ్ళు పోనివ్వకుండా కాపలా కాసేవి ఈ చవకరకం పట్టీలే. అవి అరిగితే గ్రీజు కారుతుంది; బేరింగులు వదులైతే ఒక స్పీడు దగ్గర స్టీరింగ్ గజగజ వణుకుతుంది. పాత జిమ్నీలకి ఈ వణుకు పెద్ద పేరే తెచ్చింది. కొత్తవాడు బండి పనైపోయిందనుకుంటాడు. ముదిరిన యజమాని బేరింగులు మార్పించి, కావాలంటే బిగింపు సరిచేయించి, ఆదివారం సాయంత్రానికి మళ్ళీ రోడ్డెక్కుతాడు. నాలుగో తరం బండికి స్టీరింగ్ డ్యాంపరు కూడా తగిలించారు. అంటే ఆ ఫిర్యాదు సుజుకి చెవిన పడిందన్నమాటే.

2018 జులైలో జపాన్‌లో విడుదలైన ఆ నాలుగో తరం బండికి హిరోయుకి యొనెజావా చీఫ్ ఇంజినీరు. మూడో తరం వచ్చి అప్పటికి 20 ఏళ్ళు. ఆ మధ్యకాలంలో పేరున్న జీపు తరహా బళ్ళు చాలావరకు చాసీ వదిలేసి కార్లలా మారిపోయాయి. ఈయన బృందం నిచ్చెన చాసీని వదల్లేదు. మధ్యలో ఇంటూ గుర్తు ఆకారంలో అడ్డదూలాలు చేర్చి, మెలి తిప్పితే తట్టుకునే శక్తిని పాతదానికన్నా ఒకటిన్నర రెట్లు చేశారు. బాడీకీ చాసీకీ మధ్య కొత్త రబ్బరు దిమ్మెలు పెట్టారు. నిలువు దెబ్బకి అవి మెత్తగా ఒదుగుతాయి, అడ్డంగా తోస్తే మాత్రం బిగుసుకుంటాయి. కూర్చున్నవాడి నడుముకి సుఖం, స్టీరింగ్‌కి పట్టు, రెండూ ఒక్క దిమ్మెలో సాధించారు.

ఒంటి మీదా ఇలాంటివే. కప్పు అంచున పాత అంబాసిడర్ కాలం నాటి నీళ్ళ గాడి కనిపిస్తే ముచ్చట కోసం పెట్టారనుకుంటాం. తలుపు తీసినప్పుడు కప్పు మీది వాన నీళ్ళు నెత్తిన కారకుండా ఆపడం దాని పని. బానెట్ బల్లపరుపుగా ఉండబట్టి బండి మూలలు సీట్లోంచే కనిపిస్తాయి. ముందు తలుపుల అద్దాల అంచు సైడు మిర్రర్ల దగ్గర కిందికి దిగుతుంది, అక్కడినుంచి చక్రం పక్క నేలని చూసుకోవచ్చు. స్విచ్చులు చేతి తొడుగులతో నొక్కగలిగేంత పెద్దవి. రెండో గేరు రాడ్డు సంగతి కూడా చెప్పాలి. మూడో తరంలో ఫోర్ వీల్‌కి బటన్లు పెట్టారు. నాలుగో తరంలో మళ్ళీ చేత్తో లాగే రాడ్డు తెచ్చారు. కాలం వెనక్కి పోయిందని ఒకరిద్దరు ఎద్దేవా చేశారు కానీ, కొన్నవాళ్ళు మాత్రం పండగ చేసుకున్నారు.

లో గేరులో వేసి, ఎదురుబొదురు మూలల్లో రెండు చక్రాలు గాల్లోకి లేచేలా గుంటల్లోకి దింపితే ఇంకో చిత్రం వినబడుతుంది. మామూలు డిఫరెన్షియల్‌కి ఒక బలహీనత ఉంది: ఏ చక్రం సులువుగా తిరిగితే శక్తినంతా దానికే ధారపోస్తుంది. కాబట్టి గాల్లో ఉన్నవి గిర్రున తిరుగుతాయి, నేల మీదున్నవి కదలవు. ఖరీదైన బళ్ళలో దీనికి లాకింగ్ డిఫరెన్షియల్ పెడతారు. జిమ్నీలో బ్రేకులతోనే సరిపెట్టారు. సెన్సరు ఆ వృథా తిరుగుడు కనిపెట్టి, ఆ ఒక్క చక్రానికే టకటకమని బ్రేకు పట్టి వదులుతుంది. అక్కడ అడ్డం పడ్డ శక్తి రెండో చక్రానికి మళ్ళుతుంది. రెండు మూడు క్షణాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. కాలు తీసేయకుండా ఓపిక పడితే బండి మెల్లగా పైకి పాకుతుంది. 105 హార్స్‌పవర్ చాలదన్న విమర్శకి యజమానులు చెప్పే జవాబు కూడా ఈ గుంటలోనే ఉంది. మన దగ్గరి ఐదు తలుపుల బండి బరువు 1,200 కిలోలు అటూఇటూ, థార్ కన్నా కొన్ని వందల కిలోలు తక్కువ. ఇసుకలో, బురదలో ఆ తేడా హార్స్‌పవర్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

అయితే ఈ కుటుంబం మీద పడ్డ అసలు దెబ్బ ముందు ఇవన్నీ చిల్లర గొడవలు. జిమ్నీ పూర్వీకుడు సమురాయ్ పేరుతో 1986 మోడల్‌గా అమెరికాలో దిగి బాగా అమ్ముడుపోయింది. 1988లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దాన్ని కొనదగినది కాదని తేల్చేసింది. ఎదురొచ్చినదాన్ని తప్పించడానికి ఒక్కసారిగా పక్కకి కోసి మళ్ళీ దారిలోకి తెచ్చే పరీక్షలో బండి తిరగబడబోయిందని రాసింది. ప్రకటనలు తీసుకోని పత్రిక, బళ్ళను సొంత డబ్బుతో కొని పరీక్షించే పత్రిక. దాని మాటకి విలువెక్కువ. అమ్మకాలు కూలిపోయాయి. మొదటి కోర్సులో బండి పడలేదని, పడేదాకా కోర్సు మార్చారని సుజుకి వాదన. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఆ ఏడాదే రీకాల్ అభ్యర్థనని తోసిపుచ్చింది. 1996లో సుజుకి దావా వేసింది, 2004లో రాజీ కుదిరింది. డబ్బు చేతులు మారలేదు. మామూలుగా నడిపితే బండి సులువుగా తిరగబడుతుందని చెప్పడం తమ ఉద్దేశం కాదని పత్రిక ఒప్పుకుంది. అప్పటికి సమురాయ్ అమెరికా మార్కెట్ వదిలి తొమ్మిదేళ్ళు.

ఈ పదహారేళ్ళ తగవులో కొండలెక్కే యజమానులు కోర్టు మొహం చూడలేదు, పానాలు పట్టుకున్నారు. సమురాయ్‌లో కమాన్ కట్టలు ఇరుసు కింద ఉంటాయి. వాటిని పైకి మార్చి బిగిస్తే బండి ఇంచుమించు ఐదంగుళాలు లేస్తుంది. తిరగబడుతుందని దేశమంతా చెప్పుకుంటున్న బండిని ఇంకా ఎత్తు లేపారు! చక్రాలు బయటికి జరిపి వెడల్పు చేశారు. ట్రాన్స్‌ఫర్ కేస్ గేరుబాక్సుకి అతుక్కుని ఉండకుండా, చిన్న షాఫ్టుతో కలిపి విడిగా వేలాడుతుంటుంది; కాబట్టి దించడం, విప్పడం, లోపలి పళ్ళచక్రాలు మార్చి లో గేరుని ఇంకా లో చేయడం ఇంటి షెడ్డులో అయ్యే పని. ఆ ట్రాన్స్‌ఫర్ కేసుని గీసిన ఇంజినీరు ఇదంతా ఊహించాడో లేదో కానీ, విప్పేవాడి చెయ్యి పట్టేలా చోటు మాత్రం వదిలాడు. 2007 ఏప్రిల్‌లో చిలీలో గొంజాలో బ్రావో, ఎదువార్దో కనాలెస్ అనే ఇద్దరు ఇలా మార్పులు చేసిన సమురాయ్‌తో ఓహోస్ దెల్ సలాదో అగ్నిపర్వతం మీద 6,688 మీటర్ల దాకా ఎక్కి ప్రపంచ రికార్డు కొట్టారు. అంతకుముందు ఆ రికార్డు ఒక జీపుది.

మనకి ఈ బండి జిప్సీగా పరిచయం. మారుతి 1985 డిసెంబరులో తెచ్చింది. చివరిదాకా కమాన్ కట్టలే, చివరిదాకా పవర్ స్టీరింగ్ లేదు. తెలుగువాళ్ళకి జిప్సీ అనగానే ముందు గుర్తొచ్చేది పోలీసు బండి, లేకపోతే ఆదిలాబాద్‌కి పైనున్న తాడోబా అడవిలో సఫారీ బండి. దాని కుదుపులకి నడుం నొప్పెట్టని పర్యాటకుడు ఉండడు. సైన్యం మాత్రం వేలల్లో కొంది. ఒక టన్నుకి కాస్త తక్కువ తూగే బండి బురదలో దిగబడితే నలుగురు జవాన్లు భుజం పట్టి లేపేయొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం యజమానుల జవాబు నాకు నచ్చదు. 2018లో యూరో ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో జిమ్నీకి మూడు నక్షత్రాలే వచ్చాయి. డ్రైవరు ఎయిర్‌బ్యాగులో గాలి ఒత్తిడి చాలక తల స్టీరింగ్‌కి తగిలింది. "మేం కొండల్లో పది కిలోమీటర్ల స్పీడుతో పోతాం, నక్షత్రాలతో మాకేం పని?" అంటారు. కొండ దగ్గరికి వెళ్ళాలంటే హైవే మీదుగానే వెళ్ళాలి కదా. ఇరుసు ఊగడానికి ఒక కారణం ఉంది, దాని వెనక ఒక లాభం ఉంది. ఎయిర్‌బ్యాగు బలహీనతకి లాభమేదీ లేదు. వంకలన్నిటినీ ఒకే గాటన కట్టి వెనకేసుకొస్తే, నిజంగా వెనకేసుకు రాదగిన పనితనానికే చెడ్డపేరు.

మన దగ్గర జిమ్నీ ఆశించినంత అమ్ముడుపోలేదు. 2023 చివరికల్లా థండర్ ఎడిషన్ పేరుతో ప్రారంభ ధర 10.74 లక్షలకి దిగింది. జూన్‌లో క్యూ కట్టి పూర్తి ధరకి కొన్నవాళ్ళకి కడుపు మండకుండా ఎలా ఉంటుంది? రివ్యూలకి చలించనివాళ్ళు కూడా ఈ రెండు లక్షల దగ్గర నోరు చేసుకున్నారు. గురుగ్రామ్‌లో తయారయ్యే ఆ ఐదు తలుపుల బండినే 2025 జనవరి 30న సుజుకి జపాన్‌లో జిమ్నీ నొమాడ్ పేరుతో ప్రకటించింది. నెలకి 1,200 అమ్మాలని లెక్క. నాలుగైదు రోజుల్లో 50,000 దాకా ఆర్డర్లు వచ్చిపడితే బుకింగులు ఆపేయాల్సి వచ్చింది. అక్కడా ఆటోమేటిక్‌కి నాలుగే గేర్లు.