‘జాజ్ సింగర్’ - గానవివాదము

ప్రథమ వాక్చిత్రమని ‘ది జాజ్ సింగర్’ను పేర్కొనుట పరిపాటియైనది. ఇది సరిచూడదగిన మాట. 1926 నాటి ‘డాన్ జువాన్’ చిత్రమునకే వార్నర్ సోదరులు వైటాఫోను పద్ధతిని వాద్యసంగీతమును జోడించియుండిరి. 1927 అక్టోబరు 6న న్యూయార్కులో విడుదలయైన ‘జాజ్ సింగర్’ సయితము అధికభాగము మూకచిత్రమే. పాత్రల మాటలు తెరపై అక్షరములుగా కనబడును. పాటలును, వానిని అంటియున్న కొలది సంభాషణమును మాత్రమే వినబడును. సంపూర్ణ వాక్చిత్రమను గౌరవము 1928 నాటి ‘లైట్స్ ఆఫ్ న్యూయార్క్’కు చెల్లును. అయినను చర్చ అంతటితో ముగియరాదని మా అభిప్రాయము. ఈ అర్ధమూకత్వమే ఇందలి కథకు ప్రాణమైనది.

న్యూయార్కులోని యూదుల పేటలో రబినోవిట్జు వంశీయులు తరతరములుగా సినగాగున ప్రార్థనాగాయకులు. కుమారుడైన జేకీ పానశాలలో లౌకికగీతములు పాడుట విని తండ్రి దండించును. బాలుడు ఇల్లు విడచిపోవును. పెక్కేండ్లకు జాక్ రాబిన్ అను పేర నటగాయకుడై మరలివచ్చి, పియానోయెదుట కూర్చుండి తల్లికి ఒక పాట వినిపించి, నడుమనడుమ ఆమెతో పరిహాసములాడును. ఆ మాటలు మనకు వినబడును. అంతలో తండ్రి ద్వారమున నిలిచి ‘ఆపు’మని ఒక్క మాట పలుకును. ఆ మాటతో సంభాషణమే కాదు, చిత్రమునందలి ధ్వనియే కొంతసేపు అణగిపోవును. పిదప వాద్యసంగీతము మాత్రము మొదలై, మాటలు మరల అక్షరములగును. దర్శకుడు ఆలన్ క్రాస్లాండు ఇది ఉద్దేశపూర్వకముగా చేసెనో, యంత్రసౌకర్యమును బట్టి అట్లు కుదిరెనో, ఫలితము మాత్రము అపూర్వము. తండ్రి పాత విద్యకే కాక పాత చిత్రకళకును ప్రతినిధియైనాడు.

మన తొలి తెలుగు వాక్చిత్రమైన ‘భక్త ప్రహ్లాద’ (1932) సయితము తండ్రి వలదన్న కీర్తనమును కొడుకు మానని కథయే యగుట ఇచట స్ఫురించును. అచట దైవము కొడుకు పక్షము. ఇచట తండ్రి పక్షము. అందుచేతనే జాక్ సంకటము కఠినతరము.

తన నాటకము తొలిప్రదర్శనమును, ప్రాయశ్చిత్తదినపు ముందటి సాయంకాలమున పాడవలసిన ‘కోల్ నిద్రే’యు ఒకేనాడు తటస్థించును. తండ్రి మరణశయ్యపై నుండగా జాక్ సినగాగుననే పాడును. సామ్సన్ రాఫెల్సన్ రచించిన మూలనాటకము (1925) కొడుకు రంగస్థలమును వీడుటతో ముగియును. చిత్రకర్తలు మాత్రము ఒక రంగమును చేర్చి, వానిని మరల నాటకశాలకు పంపి, తల్లిని ప్రేక్షకులలో కూర్చుండబెట్టిరి. రెండును దక్కించుకొన్న వానికి త్యాగమెక్కడిది? పైగా ఆ రంగమున జాక్ ముఖమునకు మసిపూసుకొని నీగ్రో వేషమున పాడును. తన జాతి పేరు దాచుకొన్నవాడు అణచబడిన మరియొక జాతిని వేషముగా ధరించుట చిత్రమునకు తప్పుగా తోచలేదు. నేటి ప్రేక్షకులకు అది దుస్సహము.

జాక్ పాత్రధారి ఆల్ జాల్సన్ స్వయముగా ప్రార్థనాగాయకుని కుమారుడు. కావుననే ఆ పాటలో అభినయమెంతయో అనుభవమెంతయో వేరుచేయజాలము. మాకు అంతకంటె ముఖ్యముగా తోచునది షికాగో సంగీతసభ. అందు ప్రఖ్యాత ప్రార్థనాగాయకుడు యోసెలె రోజెన్‌బ్లాట్ తానే అగుపించి పాడును. 1918లో షికాగో ఆపెరావారు పెద్ద పారితోషికముతో పిలిచినను మతనిష్ఠచే నిరాకరించిన ఆయన, సభావేదికలపై మాత్రము తన గానమును లోకమునకు వినిపించెను. తండ్రి మార్గమునకును కొడుకు మార్గమునకును నడుమ నిలిచిన మనుష్యుడు తెరపైననే ఉన్నాడు. జాక్ ఆ గానమునకు చలించి తండ్రిని తలచుకొనును; కథ మాత్రము ఆయనను దాటి సాగిపోవును.