ముందు మాస్టర్, తర్వాత డిస్క్

గంభీరావుపేటలో కామారెడ్డి రోడ్డు పక్కనున్న ఒక షెడ్డులో ఈ వారం పాత మహీంద్రా జీపు పికప్ చూశాను. ముందు చక్రాలు రెండూ ఊడదీసి స్టాండ్ల మీద నిలబెట్టారు. విప్పిన బ్రేకు డ్రమ్ములు గోనెసంచి మీద బోర్లా పడి ఉన్నాయి. పక్కనే అట్టపెట్టెలో కొత్త డిస్కు ప్లేట్లు, క్యాలిపర్లు, ప్యాడ్లు. బండి యజమాని రైతు. తండ్రి కొన్న బండి, ఏళ్ల తరబడి వడ్ల బస్తాలు మోసిన బండి, అమ్మడానికి మనసొప్పక బాగు చేయించుకుంటున్నాడు. "డ్రమ్ములు తీసేసి డిస్కులు ఏపిస్తున్న సార్" అన్నాడు సంబరంగా. నాకు మాత్రం ప్రాణం చివుక్కుమంది.

ఎందుకో ఈ కాలమ్ చదివేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కుట్టుమిషన్ గురించి రాసినా, రేడియో గురించి రాసినా, బావి మోటారు గురించి రాసినా నేను పట్టుకుని వేలాడే మాట ఒకటే: మన ఊళ్లో విప్పి మన ఊళ్లోనే బిగించుకోగలిగితేనే అది మన వస్తువు. జీపు అచ్చంగా అలాంటిది. అమెరికాలో పుట్టిన విల్లీస్ జీపును మహీంద్రా 1940ల చివర బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. ఆ వంశపు బండ్లు తర్వాత దశాబ్దాల పాటు మన మట్టిరోడ్ల మీద తిరిగాయి. బస్సు మొహం చూడని పల్లెలకు జీపే బస్సు. మన తెలంగాణకూ ఈ కథలో సొంత వాటా ఉంది. హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ 1980లలో జపాన్ నిస్సాన్‌తో చేయి కలిపి జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారుచేసింది. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. ఆ తరం బండ్లలో ఏది పాడైనా మన మేస్త్రీలు చూపుతోనే పట్టేసేవారు.

అందులోనూ డ్రమ్ము బ్రేకు పని చేతి పనితనానికి పరీక్ష. నా చిన్నప్పుడు సిరిసిల్లలో అందరూ జీపు మేస్త్రీ అని పిలిచే ఒకాయన ఉండేవాడు. సెలవుల్లో ఆయన షెడ్డు ముందు కూర్చోవడమే నాకు పని. డ్రమ్ము ఊడదీయగానే ఆయన దాన్ని ఇనుప కడ్డీకి తగిలించి చిన్న సుత్తితో తట్టేవాడు. ఖంగుమని మోగితే మంచిది. మోత మొద్దుబారితే పోత ఇనుములో ఎక్కడో పగులు పట్టినట్టు. తర్వాత లోపలి అంచున వేలు తిప్పి గట్టు కట్టిందేమో, గాట్లు పడ్డాయేమో చూసేవాడు. గాట్లుంటే డ్రమ్ము లేత్ దగ్గరికి పోయేది. మరమగ్గాల షాఫ్టులు తిరిగే లేత్ మీదే జీపు డ్రమ్ము కూడా ఎక్కేది. "ఎంత తక్కువ గీస్తే అంత మంచిది. పల్చబడ్డ డ్రమ్ము జల్ది కాగుతది, కాగితే గుండ్రం పోతది" అని లేత్ మేస్త్రీకి ప్రతిసారీ చెప్పి పంపేవాడు.

డ్రమ్మును లోపలి నుంచి అదిమి ఆపే షూ మీద అరిగిన లైనర్ రివిట్లు కొట్టేసి కొత్త లైనర్ బిగించేటప్పుడు నడిమి రివిట్ల నుంచి మొదలుపెట్టి చివరలకు వచ్చేవాడు. చివరల నుంచి మొదలుపెడితే నడుమ లైనర్ లేస్తుంది, ఎక్కడా సమంగా అంటదు. అంతటితో అయిపోదు. డ్రమ్ము లోపల సుద్దముక్క రాసి, షూను అందులో పెట్టి ఆడించేవాడు. లైనర్ మీద ఎక్కడ తెల్లగా అంటుకుందో అది ఎత్తు. అక్కడ ఆకురాయితో రాసి మళ్లీ ఆడించేవాడు. లైనర్ పొడుగునా సుద్ద సమంగా అంటేదాకా ఇదే తంతు. చక్రం ఎక్కించాక అడ్జస్టర్ బిగించి చక్రాన్ని కదలకుండా చేసి, మళ్లీ కొంచెం వదిలేవాడు. చేత్తో చక్రం తిప్పితే లైనర్ రాసుకునే సన్నటి చప్పుడు నాలుగు చక్రాల్లోనూ ఒకేలా వినిపించాలి. వినిపించకపోతే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

ఆయన చేసే ఒక పని మాత్రం ఈ రోజుల్లో ఎవరూ చేయొద్దు. డ్రమ్ములో పేరుకున్న లైనర్ పొడిని నోటితో ఊదేవాడు. ఆ కాలపు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. పాత డ్రమ్ము విప్పే కుర్రాళ్లూ, మీరు ఊదకండి, గాలి పైపుతో కొట్టకండి. నీళ్లతో తడిపి తుడవండి, మూతికి మంచి మాస్కు కట్టుకోండి.

డ్రమ్ము మీద నా అభిమానానికి ఇంకో కారణం దాని లోపలి తెలివి. చక్రం తిరిగే దిక్కున ఉన్న షూను డ్రమ్ము తనవైపు లాక్కుంటుంది. అంటే తిరిగే చక్రం బలమే షూను ఇంకా గట్టిగా అదుముతుంది. అందుకే తొక్కుడుకు బలమిచ్చే బూస్టర్ లేకున్నా ఒక మనిషి కాలి బలంతో లోడు బండి ఆగేది. డ్రమ్ము పాతదీ డిస్కు కొత్తదీ అని చాలామంది అనుకుంటారు గానీ రెండింటిదీ ఒకే ఈడు. ఫ్రాన్స్‌లో లూయీ రెనో డ్రమ్ము బ్రేకు రూపొందించిన 1902లోనే ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో డిస్కును పట్టుకోవడానికి సరైన ప్యాడు పదార్థం లేదు. లాంచెస్టర్ వాడిన రాగి కీచుమనేది, దుమ్ము రోడ్ల మీద తొందరగా అరిగేది. 1953లో లె మాన్స్ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ గెలిచాకే కార్ల కంపెనీలు డిస్కును సీరియస్‌గా తీసుకున్నాయి. 1955లో సిట్రోయెన్ డీఎస్ కారు ముందు చక్రాలకు డిస్కులతో పెద్ద ఎత్తున బజారుకు వచ్చింది.

అయితే ఆ రైతు మీద జాలిపడి ఇంటికి రావాలా? బ్రేకుకు కావాల్సింది మన అభిమానం కాదు, అది పనిచేసే రోడ్డు. ఆ జీపు పుట్టిన రోజుల్లో ఇక్కడి రోడ్ల మీద అది నలభై దాటితే గొప్ప. ఇప్పుడు అదే బండి తారు రోడ్డు మీద అరవైతో పోతోంది. కామారెడ్డి దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కితే ఇంకా ఎక్కువ. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. పైగా ముందు పోయే కొత్త కారుకు డిస్కులు, ఏబీఎస్ ఉన్నాయి. అది టక్కున ఆగుతుంది. వెనకున్న జీపు కూడా ఆ దూరంలోనే ఆగాలి. ముందు కారువాడు నీ బండి వయసు చూసి ఆగడు.

డ్రమ్ము ఓడిపోయేది రెండు చోట్ల. ఒకటి వేడి. డ్రమ్ము మూసిన గిన్నె లాంటిది, లోపలి వేడి తొందరగా బయటికి పోదు. కాగిన డ్రమ్ము సాగి షూకు దూరం జరుగుతుంది, పెడలు కిందికి దిగిపోతుంది. లైనర్ పట్టు కూడా సడలుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఇదే ప్రమాదం. కొండగట్టు ఘాట్‌లో 2018 సెప్టెంబర్ 11న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో పట్టాల్సినవాళ్ల కన్నా చాలా ఎక్కువమంది ఉన్నారు. ఆ రోజు తర్వాత జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా బ్రేకు మాట ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. ఏ బ్రేకున్నా సరే, ఘాట్ ఎక్కిన గేరులోనే దిగాలి, లోడు మితిమీరకూడదు.

రెండోది నీళ్లు. మాది మానేరు ఒడ్డు. నర్మాల దగ్గర ఎగువ మానేరు మత్తడి దూకితే దిగువన లో-లెవల్ వంతెనల మీద నీళ్లు పారుతాయి. 2021 ఆగస్టు చివర లింగన్నపేట, గంభీరావుపేటల మధ్య వరదలో చిక్కిన ఆర్టీసీ బస్సును ఈ ప్రాంతం మరిచిపోలేదు. ప్రయాణికులను దించేశారు, బస్సు మాత్రం కొట్టుకుపోయింది. పారే నీళ్లలోకి ఏ బండినీ దింపకూడదు, అది వేరే మాట. వానాకాలంలో రోడ్డు మీద చక్రం మునిగేంత గుంట దాటినా చాలు, డ్రమ్ములోకి నీళ్లు పోతాయి. ఆ తర్వాత కొంతదూరం పెడలు తొక్కినా బండి ఆగదు. డిస్కు బయటే తిరుగుతుంది కాబట్టి నీటిని విసిరేస్తుంది, ప్యాడ్లు మిగిలిన తడిని తుడిచేస్తాయి. వేడి కూడా గాలికి పోతుంది.

అంటే డిస్కుకే నా ఓటా? షెడ్డు మేస్త్రీని అదే అడిగాను. ఆయన చెప్పింది విన్నాక నా లెక్క ఇంకో తీరుగా మారింది. "డిస్క్ ఏసుడు పెద్ద పని కాదు సార్. బొలేరోదో ఇంకోదో ప్లేటు, క్యాలిపర్ దొరుకుతయి. బ్రాకెట్ లేత్ మీద చేపియ్యొచ్చు. అస్సలు కథ మాస్టర్ల ఉంటది" అన్నాడు.

నిజమే. మాస్టర్ అంటే పెడలు తొక్కగానే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్. పాత జీపుల్లో అది ఫ్లోరు కింద, పెడలు దగ్గర ఉంటుంది. బురద, నీళ్లు అక్కడే కొడతాయి. అంతకంటే పెద్ద లోపం, నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే ఆయిల్ లైను. ఒక్క వీల్ సిలిండర్ కప్పు కారినా, ఒక్క రబ్బరు హోసు పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. అలాంటి మాస్టర్‌కు ఎంత ఖరీదైన డిస్కు తగిలించినా ఆ ప్రమాదం అలాగే ఉంటుంది. ముందు చక్రాలకు ఒక లైను, వెనక చక్రాలకు ఒక లైను వేరుచేసే డబుల్ మాస్టర్ కావాలి. ఒకటి పోయినా రెండోది బండిని ఆపుతుంది.

మిగతావన్నీ ఆ వెంటే వస్తాయి. క్యాలిపర్ పిస్టన్ పెద్దది, ఎక్కువ ఆయిల్ తాగుతుంది. కాబట్టి మాస్టర్ సైజు దానికి సరిపోవాలి. డిస్కుకు డ్రమ్ములా తనంతట తాను లాక్కునే గుణం లేదు, అందుకని బూస్టర్ కావాలి. బూస్టర్‌కు వాక్యూమ్ కావాలి. పెట్రోలు ఇంజిన్‌లో అది దానంతట అదే వస్తుంది, డీజిల్ ఇంజిన్‌లో రాదు. డైనమో వెనక తిరిగే వాక్యూమ్ పంపు పెట్టించాలి. డ్రమ్ముల మాస్టర్‌లో ఉండే చిన్న వాల్వు లైనులో చదరపు అంగుళానికి 10 పౌండ్ల వరకు ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. డ్రమ్ముకు అది అవసరం. ఆ వాల్వును డిస్కు లైనులో వదిలేస్తే ప్యాడ్లు ప్లేటును వదలవు, రాసుకుంటూ కాగిపోతాయి. డిస్కుకు 2 పౌండ్లు చాలు. అదీ మాస్టర్ ఫ్లోరు కింద, క్యాలిపర్ కన్నా దిగువన ఉన్నప్పుడు ఆయిల్ వెనక్కి జారకుండా ఉండడానికే. బ్రేకు కొట్టగానే బరువు ముందుకు వస్తుంది, ఖాళీ పికప్ వెనక చక్రాలు తేలికై జారతాయి. వెనక లైనులో ఒత్తిడి తగ్గించే వాల్వు లేకపోతే తడి రోడ్డు మీద బండి అడ్డం తిరుగుతుంది. వెనక డ్రమ్ములు తీయాల్సిన పని లేదు, కొత్త బొలేరోకు కూడా ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే.

ఇదంతా చూశాక నాకు ఒకటి స్పష్టమైంది. ఆ షెడ్డులో జరుగుతున్నది పాతదాన్ని పారేసి కొత్తది తగిలించే పని కాదు. మా జీపు మేస్త్రీ సుద్దముక్కతో చేసిన పనే ఇప్పుడు మైక్రోమీటరుతో చేస్తున్నారు. బ్రాకెట్ తిప్పేది అదే లేత్. కాబట్టి నా పట్టింపు ఇక్కడ డిస్కుకు అడ్డు రాదు, తోడే వస్తుంది. ఒక్క షరతు: యాక్సిల్‌ను కోయొద్దు, వెల్డింగ్ కొట్టొద్దు. పాత బోల్టు రంధ్రాలకే బ్రాకెట్ బిగించాలి. తీసిన డ్రమ్ములకు గ్రీజు పూసి దాచాలి. రేపు ఎవరైనా బండిని పుట్టినప్పటి రూపానికి తేవాలనుకుంటే దారి మూసుకుపోకూడదు. పని మొదలుపెట్టే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగాలి కూడా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దు గీసింది. 15 ఏళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కోసం ఎలాగూ తనిఖీకి పోవాల్సిందే.

డబ్బు అన్నిటికీ సరిపోకపోతే ఏది ముందు? నా తీర్పు ఇది. ముందు డబుల్ మాస్టర్, కొత్త హోసులు, కొత్త వీల్ సిలిండర్ కిట్లు, కొత్త ఆయిల్. డ్రమ్ములు సుద్ద పరీక్షకు నిలిచేలా సరిచేయించండి. ఆ తర్వాత చేతిలో డబ్బు మిగిలితే ముందు చక్రాలకు డిస్కులు. ఈ వరస తిరగేసి, పాత సింగిల్ మాస్టర్‌కు మెరిసే డిస్కులు తగిలించిన బండి కన్నా, రెండు లైన్లున్న డ్రమ్ముల బండి ఎక్కువ నమ్మకం. ఆ రైతుకూ అదే చెప్పాను. మేస్త్రీ అప్పటికే డబుల్ మాస్టర్‌కు ఆర్డరు పెట్టి ఉంచాడు.

పాత బండి ఉన్నవాళ్లందరికీ ఒక మనవి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్-3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరైతే పెడలు ఖాళీ. ఈ దసరాకు బండికి పూజ చేసే ముందు మాస్టర్ సిలిండర్ మూత తీసి చూడండి. ఆయిల్ నల్లబడితే మార్పించండి, తగ్గితే ఎక్కడ కారుతోందో వెతికించండి. పెడలును గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. కాలి కింద అది మెల్లగా దిగిపోతుంటే బండి బయటికి తీయకండి, మేస్త్రీని ఇంటికే పిలిపించండి.